సిరియు చింతయు

మన పట్టణములందును, ఇప్పుడు పల్లెలందును, క్రొత్తగా కట్టిన డాబాయిండ్ల మీద ఒక దృశ్యము తరచుగా కనబడుచుండును. గోడలకు సున్నము వేసి, గృహప్రవేశము జరిగి, వాకిట పిల్లలు ఆడుకొనుచుందురు. కాని డాబా మీద స్తంభముల నెత్తిన ఇనుప చువ్వలు మూర పొడవున ఆకాశము వైపు నిలిచియుండును. అవి యెందులకని అడిగినచో ఇంటి యజమానుడు, "రేపు పై అంతస్తు వేయవలెను గదా!" అనును. ఆ రేపు కొందరికి వచ్చును, కొందరికి రాదు. ఈలోగా వానకు తడిసి, మంచుకు నాని, ఆ చువ్వలకు తుప్పు పట్టును.

అట్టి చువ్వలు నా యింటి మీదను కలవు. ఈ దినమున నేను సిరిని గూర్చియు, చింతను గూర్చియు, క్రైస్తవ విశ్వాసము ఆ రెంటి పట్టును ఎట్లు సడలించుననుదానిని గూర్చియు మాటలాడవలసియున్నది. నా చువ్వలను దాచిపెట్టి యితరులకు బోధ చేయుట న్యాయము కాదు గనుక మొదటనే చెప్పివేసితిని. వినువారిలో క్రైస్తవులు కానివారే ఎక్కువగా నుందురని యెరుగుదును. చింతకు మతభేదము లేదు. కావున నా మాటలు మీకు పరాయివిగా తోపవని నమ్మెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట, పై అంతస్తు నిమిత్తమై నేను కొంత సొమ్ము బ్యాంకులో కూడబెట్టియుంటిని. ఆ వేసవిలో నా చెల్లెలు మా యింటికి వచ్చెను. ఆమె భర్త అంతకు రెండేండ్ల క్రిందట చనిపోయెను. ఆమె కుమారునికి కళాశాలలో ప్రవేశము దొరకినది; ఫీజు కట్టుటకు పది దినముల గడువు మాత్రమే మిగిలియున్నది. ఆమె నన్ను సొమ్ము అడుగలేదు. "ఏం చేయాలో తోచడం లేదన్నయ్యా" అని మాత్రము అనెను. నేను, "చూద్దాం లేమ్మా" అంటిని. ఈ మాటకు అర్థము తెలియని తెలుగువారు లేరు. ఆమెకును తెలిసెను. కాఫీ త్రాగి, సాయంకాలపు బస్సుకు వెళ్లిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెల్లెలిని తలచుకొని నిద్ర పట్టలేదని చెప్పగలిగినచో నాకెంతో గౌరవముగా నుండెడిది. కాని నిజము వేరు. నేను చింతించినది ఇనుము ధరను గూర్చి. సిమెంటు బస్తా వెల పెరుగునేమో, మేస్త్రి మాట తప్పునేమో, కూడబెట్టిన సొమ్ము చాలక నడుమ పని నిలిచిపోవునేమో అని తెల్లవారువరకు లెక్కలు వేసితిని. సొమ్ము లేని నా చెల్లెలు ఆ రాత్రి నిద్రించెనో లేదో నేనెరుగను. సొమ్మున్న నేను మాత్రము నిద్రింపలేదు. ఆ కథ శేషమును తరువాత చెప్పెదను.

లూకా సువార్త 12వ అధ్యాయమున ఒక సంగతి కలదు. జనసమూహములో నుండి ఒకడు యేసును పిలిచి, పిత్రార్జితములో తనకు పాలు పంచి యిచ్చునట్లు తన సహోదరునికి చెప్పుమని వేడెను. మన యూళ్లలో అన్నదమ్ముల పంపకములకు పెద్దమనుష్యులు కూర్చుండు రచ్చబండ మనకు జ్ఞాపకము వచ్చును. యేసు ఆ పెద్దరికమునకు ఒప్పుకొనక, దానికి బదులుగా ఒక కథ చెప్పెను. ఒక ధనవంతుని భూమి విస్తారముగా పండెను. ధాన్యము పోయుటకు చోటు చాలలేదు. ఉన్న కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టవలెనని అతడు నిశ్చయించుకొనెను. ఇక చాల యేండ్లు తిని త్రాగి సుఖముగా నుండవచ్చునని తనకు తానే చెప్పుకొనెను. ఆ రాత్రియే అతని ఆయువు ముగిసెను.

ఆ రైతు దొంగ యని గాని, కూలివాండ్రను మోసగించెనని గాని ఆ కథలో లేదు. పంట దేవుడిచ్చినదే. మరి యతని దోషమేమి? అతడు ఆలోచించినప్పుడు తనతో తానే ఆలోచించును. నా పంట, నా కొట్లు, నా ధాన్యము, నా ప్రాణము అనుటయే గాని, ఆ పొలము దున్నినవాడును, కోసినవాడును, ప్రక్కయింటివాడును అతని మాటలలో ఎక్కడను కానరారు. అంత ధాన్యము నడుమ అతడు ఒంటరివాడు.

ఈ కథ ముగిసిన వెంటనే యేసు తన శిష్యుల వైపు తిరిగి, అన్నవస్త్రములను గూర్చి చింతింపవద్దని బోధించెను. కాకులను, పువ్వులను చూపెను. కథకును బోధకును నడుమ "అందుచేత" అను ముడి కలదు. ఆ ముడిని మనము సాధారణముగా గమనింపము. పేరాశ ధనవంతుని రోగమనియు, చింత బీదవాని రోగమనియు అనుకొందుము. యేసు వానిని వేరు చేయలేదు. కొట్లు నిండినవాని గర్వమునకును, కొట్లు లేనివాని దిగులునకును అడుగున ఒకటే భయము దాగియున్నది: నన్ను కనిపెట్టువారు మరెవ్వరును లేరు, నన్ను నేనే కాపాడుకొనవలెను అను భయము. నా డాబా మీది చువ్వలు ఆ భయమునకు గుర్తులే.

మత్తయి సువార్త 6వ అధ్యాయమున ఇదే బోధ కొండమీది ప్రసంగములో వచ్చును. అక్కడ ధనమునకు మూలములో "మామోను" అను అరామిక పదము కలదు. మన తెలుగు అనువాదకులు దానికి "సిరి" అను మాట వాడిరి. లోభమనలేదు, పాపధనమనలేదు. సిరి మనకు ముద్దైన మాట. ఆడుబిడ్డకు ఆ పేరు పెట్టుకొందుము. దీవించునప్పుడు సిరిసంపదలు కలుగుగాక యందుము. యేసు దానిని తిట్టలేదు. దానికి యజమానుడని పేరు పెట్టెను. ఒక దాసుడు ఇద్దరు యజమానులను కొలువలేడనెను. సొమ్ము మన చేతిలో నున్నంతవరకు పనిముట్టు. మనము దాని చేతిలో పడినప్పుడు అది దొర. ఎవరు ఎవరి చేతిలో నున్నారో తెలియవలెనన్న, నడురేయి మనలను నిద్ర లేపునదేదో చూచుకొన్న చాలును.

ఆ బోధను మొదట విన్నవారెవరు? గలిలయ నాటి రైతులు, జాలరులు, దినకూలివాండ్రు. వారి మీద హేరోదు పన్నులును, రోమా ప్రభుత్వపు భారమును ఉండెను. ఆ కొండ మీద కూర్చున్నవారిలో రేపటి భోజనము రూఢిగా నున్నవారు కొలదిమందియే యుండియుందురు. కావున, కడుపు నిండినవాడు వాలుకుర్చీలో కూర్చుండి వినుటకు చెప్పిన వేదాంతము కాదది. అదే ప్రసంగములో యేసు నేర్పిన ప్రార్థన కూడ నేటి ఆహారమునే అడుగుమన్నది; ఏటికి సరిపడు గ్రాసమును అడుగుమనలేదు.

ఇది సోమరితనమును బోధించునని కొందరు ఆక్షేపింతురు. పక్షులను చూచినవారు అట్లనరు. పిచ్చుక తెల్లవారకమునుపే బయలుదేరి ప్రొద్దు గ్రుంకువరకు గింజలేరుకొనును. అది పని చేయును. చింత మాత్రము చేయదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టి తన పొట్ట తాను పోసికొనెను. యోసేపు ఐగుప్తులో ఏడేండ్ల పంటను కొట్లలో చేర్పించెను. అతడు కట్టించిన కొట్లకును, ఆ ధనవంతుడు కట్టదలచిన కొట్లకును గోడలలో భేదము లేదు. యోసేపు కొట్లు కరవు నాడు తెరువబడినవి. దాచుటలో దోషము లేదు. ఎవరికొరకు దాచుచున్నామన్నదే ప్రశ్న.

ఆ ప్రసంగములో మరియొక సూక్ష్మము కలదు. మనస్సు ఎక్కడ నుండునో ధనమును అక్కడికే పోవునని మనము సాధారణముగా తలతుము. కావున ముందు మనస్సును బాగు చేసికొని, చింతను పోగొట్టుకొని, తరువాత ధర్మము చేయుదమని వాయిదా వేయుదుము. యేసు క్రమము దీనికి తలక్రిందులు. ధనమును ఎక్కడ ఉంచుదుమో హృదయము దాని వెంట నడచునని ఆయన భావము. అనగా హృదయము మారువరకు కాచుకొని కూర్చుండ నక్కరలేదు. ముందు చేయి విప్పవలెను. చింతింపవద్దని మనస్సునకు ఎన్నిసార్లు ఆజ్ఞాపించినను అది వినదు. విప్పిన చేతిని చూచి మాత్రము అది మెల్లగా నేర్చుకొనును.

ఈ క్రమమును నమ్మి బ్రదికిన యొకనిని గూర్చి చెప్పెదను. ఆయన మన గోదావరీ ప్రాంతముతో సంబంధము గలవాడు. ఆంటనీ నారిస్ గ్రోవ్స్ 1795లో ఇంగ్లండులో జన్మించెను. ఎక్సిటరు పట్టణమున దంతవైద్యుడై మంచి రాబడి సంపాదించెను. ఆయనయు భార్య మేరీయు మొదట తమ రాబడిలో పదవ వంతును, తరువాత నాలుగవ వంతును, తుదకు తమ అవసరమునకు మించినదంతయు దానము చేయసాగిరి. సొమ్ము కూడబెట్టకుండుటను గూర్చి ఆయన 1825లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ దినములలో ఆయన వేదశాస్త్రము చదువుటకై డబ్లినునకు పోవలెనని 40 పౌనులు తీసియుంచెను. పన్నులకై 16 పౌనులు వేరుగా నుంచెను. ప్రయాణమునకు ముందు దొంగలు ఇంటిలో పడి 40 పౌనులు ఎత్తుకొనిపోయిరి; పన్నుల సొమ్ము మాత్రము మిగిలినది. గ్రోవ్స్ గుండె బాదుకొనలేదు. ఆ ప్రయాణము దేవుని చిత్తము కాదని గ్రహించి మానుకొనెను.

1829లో ఆయన భార్యాబిడ్డలతో బాగ్దాదునకు పోయెను. 1831లో ఆ నగరమున మహామారి చెలరేగెను. దాని వెంట టైగ్రిసు నది వరద వచ్చెను. ఆ మే నెలలో మేరీ మహామారికి బలియయ్యెను. వారి పసిబిడ్డయు ఆ యేడే చనిపోయెను. దేవుని నమ్మి సమస్తము నిచ్చినవానికి ఇదియా ఫలమని మనకు తోచును. దానికి నాయొద్ద తేలికయైన సమాధానము లేదు. విశ్వాసము నష్టము రాకుండ చేయు తాయెత్తు కాదని మాత్రము నేర్చుకొంటిని. గ్రోవ్స్ వెనుదిరుగలేదు. 1833లో ఇండియాకు వచ్చి చూచి, 1836లో మరల వచ్చునప్పుడు విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు యువకులను వారి భార్యలతో కూడ తీసికొనివచ్చెను. జీతమునకు పూచీపడిన సంఘమేదియు వారి వెనుక లేదు. వారు గోదావరీ ప్రాంతమున నరసాపురము, పాలకొల్లు మొదలగు చోట్ల కాపురముండి, తెలుగు నేర్చి, 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభమైన పిమ్మట అక్కడి కూలివాండ్ర నడుమ తిరిగి బోధించిరి. నేడు ఆ ప్రాంతమున గల అనేక సంఘములకు వారి సేవయే మొదలు.

గ్రోవ్స్ కథలో నాకు మిక్కిలి ఉపకరించినది ఆయన జయము కాదు. ఆయన చిత్తూరున స్థిరపడి, ఇతరుల మీద భారము మోపక కష్టపడి బ్రతుకవలెనను మంచి యుద్దేశముతో వ్యవసాయము పెట్టెను. కంబళిచెట్లు పెంచి పట్టుపురుగుల పనిని విస్తరించెను. అది అప్పులతో పెరిగి నష్టములతో ముగిసెను. సిరిని గూర్చి పుస్తకము వ్రాసినవాడే అప్పుల చిక్కులో చాల యేండ్లు నలిగెను. సిరి ఎంతటివాని గుమ్మము నైనను తట్టును. సదుద్దేశమను వేషము వేసికొని మరియు సులభముగా లోపలికి వచ్చును. ఆయన 1853లో బ్రిస్టలు నగరమున తన చెల్లెలి భర్తయైన జార్జి ముల్లరు ఇంట మరణించెను. ఆ ముల్లరు 1830లో తన జీతమును వదలుకొని, 1836లో అనాథశాల తెరచి, తన జీవితకాలములో పదివేలకు పైగా అనాథలను పోషించెను. తన అవసరములను ఆయన మనుష్యులకు చెప్పక, దేవునికి మాత్రమే విన్నవించుకొనెడివాడు. అయినను ప్రతి కాసునకు లెక్క వ్రాసి, ఏటేట అచ్చువేయించి ప్రకటించెను. నమ్మికయనగా లెక్క మానుట యని తలచువారు దీనిని గమనింపవలెను. ఆయన లెక్క వ్రాసెను. ఆ లెక్కను తలక్రింద పెట్టుకొని పండుకొనలేదు.

ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. ఆకలిగొన్నవానితో "చింతింపకుము" అనుట ధర్మమా? కాదు. యాకోబు వ్రాసిన పత్రిక ఈ విషయమున కఠినముగానే మాటలాడును; బట్టలు లేనివానికి, తిండి లేనివానికి మంచిమాటలు చెప్పి పంపివేసి, ఏమియు ఈయని విశ్వాసము చచ్చినదని దాని తీర్పు. 1876 మొదలు 1878 వరకు దక్షిణాదిని మహాకరవు పట్టినప్పుడు ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఏమి చేసిరో చూడుడు. ఆయన బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చిన వేలాది జనమునకు పని చూపి కూలి యిప్పించెను. అంతకంటె గొప్ప సంగతి, జనము అన్నమునకై మతములో చేరుదురేమో యని, కరవు కాలమున బాప్తిస్మములిచ్చుట నిలిపివేసెను. చింతింపవద్దను మాట ఆకలిగొన్నవాని చెవికి చేరవలసిన రీతి యిది. అన్నము ముందు పోవలెను; మాట దాని వెనుక పోవలెను. బీదవాని చింత పోవుట చాలవరకు కలవాని చేతిలో నున్నది.

నా కథకు మరలి వచ్చెదను. నా చెల్లెలు వెళ్లిన నాలుగవ దినమున వేరొక పని మీద పోవుచు, దారిలో నున్నది గదా యని ఆమె యింటికి పోతిని. వంటింట అన్నమునకు బియ్యము కొలుచుచుండెను. కొలిచిన బియ్యములో నుండి పిడికెడు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసి, మిగిలినవి కడుగుటకు పోయెను. అది మా తల్లి చేసిన పని. తెలుగు క్రైస్తవుల యిండ్లలో అనేకులు నేటికిని చేయుచున్న పని. పూటపూటకు తీసిన ఆ పిడికెడు బియ్యమును ఆదివారము గుడికి తీసికొనిపోయి అర్పింతురు. అది పాదిరిగారి గంజికో, తమకంటె బీదయైన వారికో చెందును. నేను పదేండ్లవాడనై యున్నప్పుడు, ఇంట బియ్యము అడుగంటిన యొక దినమున మా తల్లి ఆ పిడికెడు తీయుట చూచి, "మనకే లేవు కదమ్మా" అంటిని. ఆమె, "తీసినన్నాళ్లు మనం లేనివాళ్లం కాదురా అబ్బాయీ" అనెను. ఆ మాట నేను మరచిపోతిని. నా చెల్లెలు మరవలేదు. గడువు ఆరు దినములున్నది, ఫీజు లేదు, కాని పిడికెడు కుండలో పడినది.

ఆ సాయంకాలము ఇల్లు చేరువరకు నాకు మాట పెగలలేదు. మరునాడు బ్యాంకునకు పోయి సొమ్ము తీసితిని. అప్పుగా కాదు సుమా యని చెప్పి యిచ్చుటకు నా నోరు రెండుసార్లు తడబడినది. ఆ రాత్రి నిద్ర పట్టినది. ఇచ్చినందున నాకు ఏ వైపు నుండియు సొమ్ము పదింతలై తిరిగి రాలేదు. అట్టి లాభమును ఆశించి యిచ్చుట వర్తకమగును గాని విశ్వాసము కాదు. మేనల్లుడు చదువు ముగించుకొనెను. పై అంతస్తు నేటికిని లేవలేదు. చింత ఆ యొక్క రాత్రితో చచ్చిపోయినదనియు చెప్పను; అప్పుడప్పుడు వచ్చి తలుపు తట్టుచునే యున్నది. అయితే అది యిప్పుడు దొరవలె లోపలికి రాదు, బిచ్చగానివలె వాకిట నిలుచును.

శ్రోతలారా, ఎవ్వరును ఆస్తినంతయు అమ్మి గ్రోవ్స్‌వలె ఓడ యెక్కవలెనని నేను చెప్పను. అట్టి పిలుపు కొందరికి మాత్రమే వచ్చును. కాని పిడికెడు బియ్యము ఏ యింటనైనను ఉండును. రేపటికై దాచుకొనుటకు ముందు, నేటి దానిలో నుండి ఒకరికై తీయుడు. మిగిలినదానిలో తీసిన పిడికెడును, ముందుగా తీసిన పిడికెడును బరువులో ఒకటే. మన గుండె మీద నుండి దింపు బరువులో మాత్రము ఒకటి కావు. మనలను కనిపెట్టు తండ్రి యొకడు కలడనుట నోటితో ఒప్పుకొనుట సులభము. చేయి ఒప్పుకొన్ననాడే అది విశ్వాసమగును.

వానాకాలము వచ్చుచున్నది. నా డాబా మీది చువ్వలకు ఈ యేడును కొంత తుప్పు చేరును. వానిని కోయించి వేయవలెనని ఇంటివారు చెప్పుచున్నారు. నేను ఒప్పుకొనలేదు. అవి అక్కడ నుండవలసినదే. క్రింది నుండి చూచినప్పుడెల్ల, "చూద్దాం లేమ్మా" అన్న నా మాట నాకు వినబడుచుండును.